పందిరి ‘వందిరి’ అయిన రోజు

‘‘తాతయ్యా... వందిరి అంటే ఏంటి?’’

ఏడో తరగతి చదువుతున్న మనవడి ప్రశ్నకి, భోంచేసి మంచంమీద నడుం వాల్చిన తాతయ్య లేచి కూర్చున్నారు. డెబ్భై ఏళ్ల జీవితంలో అలాంటి మాట ఆయనెప్పుడూ వినలేదు. ‘‘ఎక్కడ చదివావురా?’’ అంటే వాడు పెరటి వరండావైపు వేలు చూపించాడు.

2024 సంక్రాంతి సెలవులవి. ముక్కనుమ మధ్యాహ్నం. రాజమహేంద్రవరానికి దగ్గర్లో ఓ ఊరు. ఆ వరండాలో అప్పటిదాకా జుయ్‌మంటూ తిరిగిన యంత్రం ఆగిపోయి ఉంది. దాని ముందు, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతిలో బ్రష్షుతో కదలకుండా నిలబడి ఉంది టీచరమ్మ. ఆయన కూతురు. జిల్లా పరిషత్‌ హైస్కూల్లో ఫిజికల్‌ సైన్సు చెబుతుంది.

యంత్రం కింద టేకు చెక్క. దానిమీద ‘చలువ’ అన్న మూడక్షరాలు అచ్చు పోసినట్టు ఉన్నాయి. ఆ పక్కన నాలుగో అక్షరం ‘ప’ రావాలి. వచ్చింది కూడా. కానీ గీతలు లావెక్కి, విడిగా ఉండాల్సిన తలకట్టు వెళ్లి కింది అక్షరానికి అంటుకుపోయింది. ‘ప’ కాస్తా ‘వ’ అయి కూర్చుంది. మిగతా అక్షరాలు చెక్కడం ఇంకా మొదలే కాలేదు. పిల్లాడు పక్కనే ఉన్న కంప్యూటర్‌ తెరమీది బొమ్మ చూసి మిగతాది కలుపుకుని చదివేశాడు... ‘చలువ వందిరి’ అని!

వేరే చెక్కయితే ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లే. ఆ చెక్క విషయంలో ఎవరికీ నవ్వు రాలేదు.

తలుపు రెక్కలో మిగిలిన ముక్క

పాత ఇంటి వీధి తలుపు అది. ఆయన తండ్రి చేసిన తలుపు. వాళ్లది వడ్రంగం ఇల్లు. 2022లో ఆ ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టినప్పుడు తలుపు రెక్కల్ని చెదపురుగులు తిన్నమేరకి కోసేయగా, బాగున్న ముక్క ఒకే ఒక్కటి దక్కింది. రెండడుగుల పొడవు. అంగుళంపావు మందం. దాన్ని ఆయన గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. కొత్త ఇంటికి పేరు రాయాల్సింది దానిమీదే అని అందరికీ చెప్పారు.

ఆ పేరు వెనకాలా ఓ కథ ఉంది. ఆయన భార్య బతికున్నన్నాళ్లూ ఏటా ఫాల్గుణం వెళ్లగానే వీధిగుమ్మం ముందు తాటాకు పందిరి వేయించేది. దారినపోయేవాళ్లు కాసేపు కూర్చుని కుండలో మజ్జిగ తాగి వెళ్లేవారు. 2020లో ఆవిడ పోయాక పందిరి పడలేదు. అందుకే కొత్త ఇంటికి ‘చలువ పందిరి’ అని పేరు పెడదామన్నారు. ఎవరూ కాదనలేదు.

ఆ అక్షరాలు చెక్కాల్సింది ఆయనే. కానీ రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. ఉలి పెడితే గీతమీద నిలవడంలేదు. ఓ రోజు సాయంత్రం చెక్కని అటక మీంచి దింపించి కూతురి ముందు పెట్టి ‘‘నీ మిషనుతోనే చెక్కమ్మాయ్‌’’ అన్నారు. అంతకుముందు ఆ యంత్రం గురించి ఆయన ఒక్క మంచి మాటా అనలేదు, ఒక్క చెడ్డ మాటా అనలేదు. ఆ ఒక్క మాట ఆమెకి చాలు. మాఘమాసంలో గృహప్రవేశం. నెల రోజులు కూడా లేదు. ముందుగా చిన్న ముక్కమీద చిన్న అక్షరాలతో ప్రయత్నించి చూసింది. చక్కగా వచ్చాయి. ఆ ధైర్యంతోనే టేకు చెక్క ఎక్కించింది.

ఇప్పుడేమో ఇలా!

కళ్లులేని పనిమంతుడు

కలప అడితీల్లో తలుపులమీద లతలూ హంసలూ చెక్కే పెద్ద యంత్రాల్ని చాలామంది చూసే ఉంటారు. వాటినే సీఎన్‌సీ రౌటర్లంటారు. ఆమెది అదే జాతిలో బుల్లిది. బల్లమీద పట్టేస్తుంది. సరదాగా నేర్చుకునేవాళ్లకోసం విడిభాగాలుగా అమ్ముతారు. 2022లో తెప్పించుకుని, వేసవి సెలవుల్లో తనే బిగించుకుంది.

అందులో మూడు మోటార్లుంటాయి. ఒకటి కుడిఎడమలకి, ఇంకొకటి ముందువెనకలకి, మూడోది పైకీ కిందకీ నడిపిస్తాయి. ఆ మూడోదాన్నే జెడ్‌ మోటారంటారు. లోతు దాని చేతుల్లో ఉంటుంది. అంకెలతో యంత్రాన్ని నడిపించాలన్న ఆలోచన కొత్తదేం కాదు. హెలికాప్టర్‌ రెక్కలు తయారుచేసే అమెరికన్‌ జాన్‌ పార్సన్స్‌ మొదలుపెట్టిన ఆ ప్రయత్నాన్ని ముందుకు తీసుకెళ్లి, చిల్లులు పొడిచిన కాగితం టేపుతో నడిచే యంత్రాన్ని 1952లో ఎంఐటీ సంస్థ ప్రదర్శించింది. అప్పట్లో అది కార్ఖానాలకే పరిమితం. 2009లో నార్వేకి చెందిన ప్రోగ్రామర్‌ సిమెన్‌ స్వాలె స్కోగ్‌స్రుడ్‌ ‘జీఆర్‌బీఎల్‌’ అనే ప్రోగ్రాం రాసి ఉచితంగా ఇవ్వడంతో, ఆర్డుయినో అనే చిన్న బోర్డుతోనే ఇలాంటి యంత్రాన్ని ఇంట్లో నడిపించుకోవడం వీలైంది.

ఆమె యంత్రంలోని మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. ఒక్కో అడుగునీ బోర్డు మళ్లీ 16 భాగాలు చేస్తుంది. అంటే చుట్టుకి 3,200. చుట్టు తిరిగితే మరలున్న కడ్డీ, అదే లీడ్‌స్క్రూ, బిట్టుని నాలుగు మిల్లీమీటర్లు కదుపుతుంది. లెక్కవేస్తే మిల్లీమీటరుకి 800 చిట్టి అడుగులు. వినడానికి ఎంతో కచ్చితం అనిపిస్తుంది కదూ!

చిక్కంతా ఒకచోట ఉంది. బోర్డు ‘800 అడుగులు వెయ్యి’ అని మోటారుకి చెబుతుంది. చెప్పగానే వేసేసిందని తన లెక్కలో రాసేసుకుంటుంది. నిజంగా వేసిందో లేదో వెనక్కి తిరిగి చూడదు. చూడటానికి దానికి కళ్లు లేవు. మోటారు మధ్యలో తడబడినా, బిట్టు జారినా, చెక్క లేచినా దానికి తెలియదు. తెరమీద అంకెలు మాత్రం అంతా సవ్యంగానే ఉన్నట్టు చూపిస్తుంటాయి.

లోతు కాస్త మారితే అంత అనర్థమా అంటే, అక్షరాలకి అనర్థమే. ఆమె వాడింది ‘వి’ ఆకారంలో 90 డిగ్రీల మొన ఉన్న బిట్టు. దాంతో తీసిన గాడి ఎంత లోతుంటే పైన వెడల్పు దానికి సరిగ్గా రెట్టింపు. అర మిల్లీమీటరు లోతు పెరిగితే గీత ఒక మిల్లీమీటరు లావెక్కుతుంది. అటు సగం, ఇటు సగం. ‘ప’కీ దాని తలకట్టుకీ మధ్య ఆమె వదిలిన సందు మిల్లీమీటరే. కింది గీత పైకి అర మిల్లీమీటరు, పై గీత కిందకి అర మిల్లీమీటరు పెరిగాయంటే... సందు మాయం! ‘ప’కీ ‘వ’కీ ఉన్న తేడా అదొక్కటే మరి.

ఒకేసారి అయిదు మార్పులు

ఆ సాయంత్రం ఆమె కంగారుగా ఏవేవో చేసింది. బిట్టు మార్చింది. దాన్ని పట్టుకునే కాలెట్‌ని గట్టిగా బిగించింది. చెక్కని అదిమిపట్టే క్లాంపులు సర్దింది. యంత్రం పక్కకి కదిలే వేగం తగ్గించింది. ఫైల్లో లోతు కూడా కాస్త తగ్గించింది. ఈ అయిదూ ఒకేసారి చేసి, ఓ మామిడి చెక్క పెట్టి మళ్లీ నడిపించింది.

అక్షరాలు వచ్చాయి. ఈసారి ‘ప’ తలకట్టు సగం అంటుకుని, సగం విడిగా ఉంది. పందిరి అనుకుంటే పందిరి. వందిరి అనుకుంటే వందిరి. చివరి ‘రి’ మాత్రం మరీ లావుగా పూడుకుపోయింది.

తండ్రి ఆ చెక్కమీద వేలు పెట్టి చూశారు. ‘‘కొంచెం మెరుగే. దేనివల్ల మెరుగయిందో చెప్పగలవా?’’ అనడిగారు.

చెప్పలేకపోయింది. ప్రయోగం చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలని ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పేది ఆమే.

‘‘తలుపు పట్టేస్తోందని పిలిస్తే నేనేం చేసేవాణ్నో చూశావుగా’’ అన్నారాయన. ‘‘వెళ్లగానే చిత్రిక తీసి అంచంతా గీకేస్తే తలుపు వదులైపోతుంది. మళ్లీ అతకలేం. ముందు ద్వారబంధానికి సుద్ద రాసేవాణ్ని. తలుపు మూసి తీసేవాణ్ని. సుద్ద ఎక్కడ అంటితే అక్కడే పట్టేస్తున్నట్టు. అక్కడ మాత్రం రెండు పోట్లు చిత్రిక పట్టి, మళ్లీ సుద్ద రాసేవాణ్ని. ముందు గుర్తు పెట్టమ్మాయ్‌. తర్వాత దిద్దు.’’

ఆ రాత్రి ఆమె తను మార్చిన అయిదింటినీ మళ్లీ మొదట ఉన్నట్టే పెట్టేసింది. తప్పు దొరకాలంటే ముందు అది తప్పించుకుపోకుండా ఉండాలి కదా!

చోటు వల్లా... సేపు వల్లా?

మర్నాడు పొద్దున్నే యంత్రమంతా గుర్తులు పెట్టుకుంది. సన్నటి మార్కర్‌తో బిట్టు కాడ మీదా, దాన్ని బిగించిన నట్టు మీదా కలిసేలా ఒక గీత. జెడ్‌ మోటారు ఇరుసు మీదా, దాన్ని లీడ్‌స్క్రూకి కలిపే కప్లర్‌ మీదా ఇంకో గీత. కప్లర్‌కీ లీడ్‌స్క్రూకీ మధ్య మరొకటి. ఏది జారినా గీత విరుగుతుంది. నాన్న సుద్దముక్క చేసే పనే ఇదీ.

లోతు కొలవడానికి బళ్లో వాడే తెల్ల కాగితాలు తెచ్చుకుంది. ఒక్కో కాగితం మందం రమారమి మిల్లీమీటరులో పదోవంతు. చెక్కని మొన తాకేచోటు సున్నా. దానికి మిల్లీమీటరు పైన ఆగమంటే, మొన కింద పది కాగితాలు సరిగ్గా పట్టాలి. పనయ్యాక యంత్రాన్ని మొదలుపెట్టిన చోటికే తీసుకొచ్చి మళ్లీ పది కాగితాలూ పెట్టాలి. పడితే యంత్రం దారి తప్పలేదు. పట్టకపోతే తప్పింది.

అసలు మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. తేడా చోటు వల్ల వస్తోందా, సేపు వల్ల వస్తోందా అన్నది. చెక్క వంకరగా ఉన్నా, కింద పరిచిన ఎండీఎఫ్‌ పలక ఒకవైపు ఎత్తుగా ఉన్నా, రెండు చివర్లా మాత్రమే క్లాంపులు వేయడంతో చెక్క మధ్యలో పైకి లేచినా... తేడా ఎప్పుడూ ఆ చోటే వస్తుంది. బిట్టు జారడం, మోటారు తడబడటం లాంటివైతే ఎక్కడ చెక్కినా సేపు గడిచేకొద్దీ పెరుగుతుంది.

కాగితం పట్టుకుని పలక మీద తొమ్మిదిచోట్ల కొలిచింది. ఎడమ చివరకీ కుడి చివరకీ రెండు కాగితాల తేడా ఉంది. అంటే అయిదోవంతు మిల్లీమీటరు. దొంగ దొరికాడనే అనుకుంది. ‘‘నీకు పోయింది అర మిల్లీమీటరు పైన కదా. మిగతా మూడు కాగితాలెక్కడ?’’ అన్నారు తండ్రి. నిజమే. అది దోషమే కానీ, అసలు దోషం కాదు. కాయితం మీద రాసుకుని పక్కన పెట్టింది.

తర్వాత ఒక చిన్న కిటుకు చేసింది. మామిడి చెక్క పెట్టి, ‘పందిరి’ని ముందు చెక్కించి, ‘చలువ’ని తర్వాత చెక్కించింది. అక్షరాల చోట్లు మారలేదు. వరస ఒక్కటే మారింది. ఫలితం చూసి మనవడు చప్పట్లు కొట్టాడు. పందిరి... పందిరిలాగే వచ్చింది! చలువ లావెక్కిపోయింది. తేడా చోటుది కాదు. సేపుది.

దొంగ ఎక్కే దారిలో ఉన్నాడు

ఇక మిగిలినవాళ్లు ముగ్గురు. మొదటి అనుమానం బిట్టు మీద. కాలెట్‌లో చెక్కపొట్టు ఇరుక్కున్నా, కాలెట్‌ని ముందు నట్టులో టక్కుమనేలా కూర్చోబెట్టకుండా బిగించినా పట్టు చాలదు. అందులోనూ పొట్టుని పైకి తోడే మెలికల బిట్టులైతే చెక్క వాటిని కిందకి లాగుతుంది. మెల్లమెల్లగా జారి లోతుకి పోతాయి. కానీ ఇక్కడ బిట్టు మీది గీత చెక్కుచెదరలేదు. బిట్టు నిర్దోషి.

రెండోది కప్లర్‌. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచేవి గ్రబ్‌ స్క్రూలనే చిన్న మరమేకులు. అదురుకి అవి వదులయితే మోటారు తిరుగుతుంది కానీ కడ్డీ పూర్తిగా తిరగదు. అక్కడి రెండు గీతలూ కూడా విరగలేదు. కప్లర్‌ కూడా నిర్దోషే.

ఇక మోటారే. దాన్ని విడిగా పరీక్షించాలంటే చెక్కని పక్కకి తప్పించాలి. ఒక మూల చెక్కమీద చిన్న దిమ్మె పెట్టి, దానిపైన సున్నా పెట్టింది. దిమ్మె తీసేసింది. బిట్టు తిరిగే మోటారు ఆపేసి, అదే ఫైలు నడిపింది. మొన చెక్కకి అంగుళం ఎత్తున, గాలిలో, ‘చలువ పందిరి’ అని మొత్తం రాసింది. ఒక్క పొట్టు రాలలేదు. పనయ్యాక దిమ్మెని మళ్లీ అక్కడే పెట్టి మొనని మిల్లీమీటరు ఎత్తులో ఆపింది.

పది కాగితాలు పట్టాల్సిన చోట రెండే పట్టాయి!

చెక్క తగలలేదు. బిట్టు తిరగలేదు. అయినా ఎనిమిది కాగితాల మందం కిందకి దిగిపోయింది. దోషం జెడ్‌ దారిలోనే ఉందని తేలిపోయింది.

బిట్టు చప్పుడు లేకపోవడంతో అప్పటిదాకా వినపడనిది ఒకటి వినపడింది. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని వింటున్న తండ్రి ‘‘దిగేటప్పుడు ఒక గొంతు, ఎక్కేటప్పుడు ఇంకో గొంతు. ఎక్కేటప్పుడు మూలుగుతోంది చూడు’’ అన్నారు. ఆమె చెవి దగ్గర పెట్టి వింది. నిజమే. పైకి లేచే ప్రతిసారీ కాదు కానీ, అప్పుడప్పుడూ ‘గుర్ర్‌’ అని ఒక చిన్న అరుపు.

ఫిజిక్సు టీచరుకి ఆ మాటతో లెక్కంతా కళ్లముందుకొచ్చేసింది. దిగేటప్పుడు బరువు మోటారుకి సాయం చేస్తుంది. ఎక్కేటప్పుడు ఆ బరువంతా అది ఎత్తాలి. కాబట్టి అడుగు తప్పితే ఎక్కేటప్పుడే తప్పుతుంది. అనుకున్నంత ఎత్తుకి లేవదు. బోర్డు మాత్రం లేచిందనే అనుకుంటుంది. మళ్లీ దిగమన్నప్పుడు తక్కువ ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టి, ఎక్కువ లోతుకి పోతుంది. ‘వి’ బిట్టుతో అక్షరాలు చెక్కేటప్పుడు గీత సన్నబడిన ప్రతిచోటా, మలుపు వచ్చిన ప్రతిచోటా బిట్టు లేస్తూ దిగుతూనే ఉంటుంది. చిన్న ముక్కమీద చిన్న అక్షరాలు చెక్కినప్పుడు ఆ ఎక్కడం దిగడం తక్కువ. అందుకే అప్పుడు తేడా కనపడలేదు.

ఈ రకం మోటారు పట్టు తప్పితే ఒక్క అడుగు తప్పదు. ఒకేసారి నాలుగడుగులు జారి మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. చుట్టుకి 200 అడుగులు, నాలుగు మిల్లీమీటర్లు అన్న లెక్కన నాలుగడుగులంటే 0.08 మిల్లీమీటరు. పదిసార్లు జారితే 0.8. ఎనిమిది కాగితాలు! మొత్తం అక్షరాలకి ఆ ‘గుర్ర్‌’లు పదే వచ్చాయన్నమాట.

చేసింది తనే

ఎందుకు తడబడుతోంది మరి? కరెంటు ప్లగ్గు పీకేసి, లీడ్‌స్క్రూని వేళ్లతో తిప్పి చూడమన్నారు తండ్రి. తిప్పింది. కొంతదూరం హాయిగా తిరిగి, ఒకచోట బరువెక్కింది. అక్కడ మరల సందుల్లో కాటుకలా నల్లటి ముద్ద. దసరా సెలవుల్లో ‘యంత్రానికి మంచిది కదా’ అని ఆమే కుట్టుమిషను నూనె పోసింది. నూనె తడికి చెక్కపొడి అతుక్కుని, టేకులోని జిడ్డు కూడా కలిసి, ముద్దగా పేరుకుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. దీపావళికి ప్రమిదల పీటలు చెక్కేటప్పుడు పని తొందరగా అవుతుందని జెడ్‌ వేగం పెంచింది. వేగం పెరిగేకొద్దీ ఇలాంటి మోటారు బలం తగ్గుతుంది. అప్పట్లో కడ్డీ శుభ్రంగా ఉండబట్టి సరిపోయింది.

రెండు అనుమానాలు. ఈసారి రెండూ ఒకేసారి సరిచేయలేదు. ముందు వేగం ఒక్కటే పాత అంకెకి తగ్గించి గాలిలో రాయించింది. తొమ్మిది కాగితాలు పట్టాయి. తర్వాత పళ్లు తోముకునే పాత బ్రష్షుతో మరలన్నీ తోమి, గుడ్డతో తుడిచి, తడి లేని లూబ్రికెంట్‌ రాసి మళ్లీ రాయించింది. పది కాగితాలు! ‘‘ఇప్పుడు వేగం పెంచి చూడు’’ అన్నారు తండ్రి. పెంచితే ఎనిమిది. అంటే తప్పు ఒక్కదానిది కాదు. ముద్ద సగం, తొందర సగం. వేగం తగ్గించే ఉంచింది. రాసిపెట్టుకున్న పలక వాలు కూడా అప్పుడే యంత్రంతోనే పైపొర చెక్కించి చదును చేసింది.

ఆయన అక్కడితో ఒప్పుకోలేదు. ‘‘మూడుసార్లు మామిడి చెక్కమీద రానీ. అప్పుడు టేకు సంగతి’’ అన్నారు. మూడుసార్లూ పందిరి... పందిరిగానే వచ్చింది. మూడుసార్లూ పది కాగితాలే.

మందం ఇంకా ఉంది

ఇక మిగిలింది పాడైన టేకు చెక్క. దాని ముందు కూర్చుంటే ఆమెకి దుఃఖం ఆగలేదు. ఆయన మూలమట్టం పెట్టి చూసి ‘‘ఇంకా మందం ఉంది. నాలుగు మిల్లీమీటర్లు చిత్రిక పడితే గాడి పోతుంది’’ అన్నారు తాపీగా.

‘‘బాగున్న మూడక్షరాలూ పోతాయి కదా నాన్నా?’’

ఆయన స్కేలు ఆమె చేతికిచ్చారు. కొలిచి చూస్తే ‘చ’ గీతకన్నా ‘వ’ గీత అర మిల్లీమీటరు పైనే లావుంది. అచ్చు పోసినట్టున్నాయని అందరూ అనుకున్న అక్షరాల్లోనే తప్పు మొదలైపోయింది. ‘ప’ దాకా వచ్చి చదవడానికి అడ్డం పడితేగానీ ఎవరి కంటికీ ఆనలేదు.

ఉలి ఒక చేతి వేళ్లమీద నిలవాలి. చిత్రిక అలా కాదు. రెండు చేతులూ, ఒళ్లంతా కలిసి చేసే పని. ఆయన వెనక పట్టుకుని తోశారు. ఆమె ముందు పట్టుకుని లాగింది. మొదటి పోట్లలో వణికిన చేతులు చిత్రిక బరువుకి మెల్లగా కుదురుకున్నాయి. టేకు గట్టిది. పళ్లెం పదును మాటిమాటికీ పోతుంది. రెండు సాయంత్రాలు పట్టింది. చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంటే పాత ఇంటి వీధిగుమ్మం దగ్గరి వాసన వరండా అంతా నిండింది. మూడో అక్షరం ఆనవాలు కూడా పోయాక, కింద తళుక్కుమంటూ కొత్త టేకు బయటపడింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం చెక్క మళ్లీ యంత్రం ఎక్కింది. కాగితాలు తనే పెడతానన్నారు ఆయన. వణికే వేళ్లతో ఒక్కొక్కటే లెక్కపెట్టి పది పెట్టారు. అక్షరాలన్నీ అయ్యాక యంత్రం మొదటి చోటికొచ్చి ఆగింది. మళ్లీ పది పెట్టారు. పట్టాయి. అప్పుడు పొట్టు ఊది, ‘ప’కీ తలకట్టుకీ మధ్య సందులో గోరు పెట్టి అటూఇటూ జరిపి చూసుకున్నారు. ఏమీ అనలేదు. ‘‘మజ్జిగ కలుపమ్మా’’ అన్నారంతే.

మాఘమాసంలో గృహప్రవేశం అయింది. గుమ్మం పక్కన ‘చలువ పందిరి’ ఉంది. ఆ వేసవిలో దానికింద నాలుగేళ్ల తర్వాత తాటాకు పందిరి కూడా పడింది.

జెడ్‌ మోటారు కప్లర్‌ మీది నల్ల గీతని ఆమె తుడవలేదు. పని మొదలుపెట్టేముందు దాన్నొకసారి చూస్తుంది. యంత్రం పక్కన పది కాగితాలు క్లిప్పు పెట్టి ఉంటాయి. అయిదు మార్పులు ఒకేసారి చేసిన రోజు చెక్కిన మామిడి చెక్కని మనవడు పారేయనివ్వలేదు. యంత్రం ఉన్న వరండాలో గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆ చోటు పేరు మారిపోయింది.

‘‘అమ్మేదిరా?’’ అని ఎవరైనా అడిగితే వాడు తడుముకోకుండా చెబుతాడు... ‘‘వందిరిలో ఉంది!’’